భ్రూణహత్య యను మాట

మా సంగము నెల్లూరికి ఎగువను పెన్నయొడ్డున నున్న యూరు. ఉపనదులు వచ్చి పెన్నలో గలియుటచే దీనికీ పేరు వచ్చినది. ఇచ్చటి పాఠశాలలో నేను పదునెనిమిదేండ్లనుండి తెలుగును సంస్కృతమును జెప్పుచున్నాను. పల్లెలో నిట్టి యుపాధ్యాయునకు బడిపని గాక వేరొక పని కూడ నుండును. మైలను గూర్చియో, మంచిచెడ్డలను గూర్చియో, శాస్త్రములోని యొక మాటను గూర్చియో సందేహము గలిగి, పురోహితు నడుగుటకు జంకువారు సాయంకాలము బడిపంతులు వాకిట నిలుతురు.

గడచిన మాఘమాసములో నొక గృహస్థు అట్లు వచ్చెను. చదువుకొన్నవాడు, భూవసతి గలవాడు, గ్రామములో నలుగురు మన్నించువాడు. కొంతసేపు పైరుల మాటయు, కాలువ నీటి మాటయు నాడి, తుదకు తల వంచుకొని సంగతి బయటపెట్టెను. అతని కోడలికి నాలుగవ నెల. ఆమెకు హృద్రోగ ముండుట యిప్పుడే బయటపడినది. గర్భము నిలిచినచో ప్రాణమునకు ముప్పని వైద్యులు ఒకరికిద్దరు చెప్పిరి. కాని యతని తల్లి యొప్పుకొనలేదు. “అది భ్రూణహత్య. ఈ యింట జరగదు” అని యామె మంచము పట్టినదట.

“అయ్యవారూ, శాస్త్రంలో ఏముందో చూసి చెప్పండి. మాకు అనుకూలంగా చెప్పనక్కరలేదు, ఉన్నది ఉన్నట్టు చెప్పండి. మా అమ్మ మీ మాటయితే వింటుంది” అని యతడు చేతులు జోడించెను.

రెండుదినములు గడువడిగి పంపితిని. ఆ రెండు దినములలో నేను చూచినదానిని, పిదప తీరికగా మరల చూచినదానిని ఈ వ్యాసమున వ్రాయుచున్నాను. అతనికి నేను చెప్పిన మాట మిక్కిలి చిన్నది. అది చివర వచ్చును.

నాకు మొదట జ్ఞప్తికి వచ్చినది స్మృతి గాదు, భారతము. ఈ పెన్నయొడ్డుననే, మాకు దిగువను, పదుమూడవ శతాబ్దిలో మనుమసిద్ధి కొలువున నుండి తిక్కన సోమయాజి విరాటపర్వము మొదలుకొని పదునైదు పర్వములు తెనిగించెను. అందు సౌప్తికపర్వ మొకటి. రాత్రివేళ నిద్రించువారిని జంపిన యశ్వత్థామ పాండవులచే జిక్కి, బ్రహ్మశిరోనామకాస్త్రమును ప్రయోగించి, దానిని మరలించు శక్తి లేక, పాండవుల వంశము నిలువరాదని యుత్తర గర్భముమీదికి ద్రిప్పెను. అంతకుముందు యుద్ధములో నెన్ని ఘోరములు జరుగలేదు! భీష్ముని గూల్చుట, ద్రోణునితో నసత్యమాడుట, కర్ణుని చక్రము క్రుంగినపుడు కొట్టుట, ఇవన్నియు శ్రీకృష్ణుడు చూచెను, కొన్నిటిని జేయించెను. కాని గర్భస్థశిశువుపై నస్త్రము వేసినవానిని మాత్ర మాతడు మన్నింపలేదు. మూడువేల యేండ్లు తోడు లేక, మాటాడువారు లేక, రోగపీడితుడవై తిరుగుమని శపించెను. పిదప మృతుడై పుట్టిన పరీక్షిత్తును బ్రదికించెను. మన యిండ్లలోని ముదుసళ్ళకు భ్రూణహత్య యనగానే వెన్ను జలదరించుటకు మనువు కారణము గాదు. మనువును వారు చదువలేదు. కారణ మీ కథయే.

అయితే, అదే భారతములో వేరొక కథ యున్నది. దానిని మనము పురాణకాలక్షేపములలో త్వరగా దాటిపోవుదుము. గాంధారి రెండేండ్లు గర్భము మోసెను. కుంతికి కుమారుడు గలిగెనని విని, దుఃఖమాపుకొనలేక, ధృతరాష్ట్రునకు తెలియకుండ తన కడుపును తానే మోదుకొనెను. ఇనుపగుండువంటి మాంసపిండము వెలువడెను. దానిని బారవేయింప బోవుచుండగా వ్యాసుడు వచ్చి, యేమి చేసితివని యడిగెను. ఆమె దాచలేదు, ఉన్నది చెప్పెను. అప్పుడు వ్యాసు డేమి చేసెను? శపించెనా? త్యజింపుమని భర్తకు చెప్పెనా? ప్రాయశ్చిత్తము విధించెనా? ఏదియు లేదు. నేతికుండలు దెప్పించి, చన్నీట దడిపి, పిండమును విడదీసి, వానిలో నుంచి కాపాడుమనెను. ధర్మశాస్త్రములు పుట్టిన నేలలోనే పుట్టిన యీ కథలో, గర్భమును మోదుకొన్న తల్లికి ఋషి చేసినది సాయము. అశ్వత్థామది పగ, గాంధారిది దుఃఖము. ఫలము నొకటిగా జూచి రెంటిని ఒక త్రాసులో దూచుట వ్యాసునకు సమ్మతము గాదని నాకు తోచుచున్నది.

ఇక గ్రంథములు. వేదములో గర్భమును గూర్చి మొదట గనబడునది శిక్ష గాదు, రక్ష. ఋగ్వేదము పదవ మండలములో నూట యరువదిరెండవ సూక్త మంతయు గర్భమును జెరుపు రక్కసులను వెడలగొట్టుమని యగ్నిని వేడుటయే. పుట్టకముందే బిడ్డను బోగొట్టుకొన్న తల్లి కన్నీరు ఆ సూక్తము వెనుక నున్నది. అథర్వవేదములో మాత్రము, పాపములన్నిటిని తుడిచి యెవరిమీద వేయవలెనన్నపుడు, భ్రూణహంత పేరు వచ్చును. అనగా అప్పటికే వాడు పాపులలో కడపటివాడు.

భ్రూణము అను పదమును గూర్చి యొక చిక్కు గలదు. సంస్కృతము చెప్పుకొని బ్రదుకువాడను గనుక చదువరులు నన్ను క్షమింపవలెను. ఈ పదమునకు గర్భమని యర్థము సుప్రసిద్ధమే. కాని బౌధాయన గృహ్యసూత్రములో శ్రోత్రియుడు, అనూచానుడు మొదలగు విద్వాంసుల తరగతులు చెప్పుచు, సూత్రప్రవచనముల నభ్యసించిన బ్రాహ్మణునకు భ్రూణుడని పేరు పెట్టిరి. అందుచే పెక్కుచోట్ల భ్రూణహత్య యన్నది గర్భమును జంపుటయో, వేదవేత్తను జంపుటయో వ్యాఖ్యాతలకే తెగని సంశయము. ఉపనిషత్తులో సుషుప్తిలో భ్రూణహంతయు భ్రూణహంత గాడని చెప్పినచోటను ఈ సంశయమే. మన మిప్పుడు పల్లెలలో వాడు “భ్రూణహత్య” యను శబ్దమున నీ రెండు భయములును కలిసిపోయినవి. బ్రహ్మహత్యాభీతి సగము, గర్భమునందలి కనికరము సగము.

ఆ కలయిక యూరక జరిగినది గాదు. తైత్తిరీయసంహిత, తెలియరాని గర్భమును జంపినవాడు బ్రహ్మహంత యగునని చెప్పినది. మనువు పదునొకండవ యధ్యాయములో దానిని స్థిరపరచి, “అవిజ్ఞాత” గర్భమును జంపినవానికి బ్రహ్మహత్యకు చెప్పిన వ్రతమునే విధించెను. అవిజ్ఞాత మనగా నేమి? ఆడో మగో తెలియనిదని కుల్లూకభట్టు వ్రాసెను. అంతేగాక, అది బ్రాహ్మణగర్భమును గూర్చిన మాట యనియు ననెను. చూడుడు! మగవాడై యుండవచ్చునేమో యను శంక చేతను, బ్రాహ్మణుడై యుండుటచేతను ఆ పాపమున కంత బరువు వచ్చినది. గర్భమం దెల్ల ప్రాణమును సమానమని మన స్మృతికారులు చెప్పిరని సభలలో నుపన్యసించువారు ఈ వ్యాఖ్యను చదివియుండరు, లేదా చదివి దాచియుందురు. నాకు స్మృతులయందు గౌరవమున్నది. కాని యున్నదానిని లేదనుటకు గౌరవము చాలదు.

స్త్రీల విషయమున స్మృతికారుల మాట యింకను కఠినము. గౌతముడు స్త్రీ పతితురాలగుటకు భ్రూణహత్యను, హీనవర్ణునితోడి సంబంధమును ఒక్క సూత్రములో జేర్చెను. వసిష్ఠుడు భర్తృవధ, భ్రూణహత్య, స్వగర్భపాతనము అని మూడు చెప్పెను. యాజ్ఞవల్క్యుడు నిట్లే. మనువు గర్భమునకును భర్తకును ద్రోహము చేసిన స్త్రీలకు తర్పణము గూడదనెను. పరాశరుడు అందరికంటె ముందుకు బోయి, గర్భపాతనమునకు బ్రహ్మహత్యకంటె రెట్టింపు పాపమనియు, ప్రాయశ్చిత్తమే లేదనియు, ఆమెను త్యజింపవలసినదే యనియు శాసించెను. గర్భముతోపాటు భర్త పేరు, వర్ణము పేరు మాటిమాటికి వచ్చుట గమనింపుడు. వారి మనస్సులో బిడ్డ ప్రాణ మొకటియే గాదు, వంశమును మగని హక్కును కూడ గలవు.

రాజదండము మాట వేరు. కౌటిల్యుడు ధర్మోపన్యాసము చేయడు, లెక్క వేయును. దెబ్బకొట్టి గర్భము పడగొట్టినవానికి ఉత్తమసాహసదండము, మందుచేత నైనచో మధ్యమము, బాధపెట్టుటచే పడినచో ప్రథమము. ఇందు మొదటి ముద్దాయి గర్భిణి గాదు, ఆమెను గొట్టినవాడు. యాజ్ఞవల్క్యుడు కూడ వ్యవహారకాండములో శస్త్రము విసరినవానికిని గర్భపాతము చేసినవానికిని ఉత్తమదండమే చెప్పి, ఆవెంటనే మరణదండన కర్హురాలైన స్త్రీ కైనను గర్భవతి గానిచో మాత్రమే యది చెల్లునని మినహాయింపు పెట్టెను.

మరి గర్భములో జీవుడెప్పుడు చేరును? దీనిపై మనవారు ఏకాభిప్రాయమునకు రాలేదు. ఆత్మ శుక్రశోణితములతో మొదటనే చేరునని చరకుడు. నాలుగవ నెలలో హృదయ మేర్పడి చైతన్యము వ్యక్తమగుననియు, అప్పుడు తల్లి రెండు హృదయములు గలది యగుటచే దౌహృదిని యనబడుననియు సుశ్రుతుడు. ఏడవ నెలలో జీవునితో గూడునని గర్భోపనిషత్తు. ఆశౌచవిధిలో పరాశరుడే నాలుగవ నెల వరకు జారినది స్రావము, అయిదారు నెలలలో జారినది పాతము, అటుపైని ప్రసవము అని విభజించెను. స్రావమైనచో నెన్ని నెలలో యన్ని రాత్రులు మైల యని మనువు. పేరులు మూడైనపుడు మైలయు మారినది. నెలనెలకును గర్భమునకు బరువు పెరుగుచుండుట వారెరుగుదురు. అయినను పాపము చెప్పునపుడు మాత్ర మీ తారతమ్యమును వాడుకొన్నవారు తక్కువ. ఇంగ్లండులో 1803లో చేసిన చట్టము కడుపులో బిడ్డ కదలుటకు ముందు వెనుకలకు వేర్వేరు శిక్షలు పెట్టినది. అక్కడి న్యాయమూర్తులకు నట్టి గీత యొకటి కావలసివచ్చినది.

నాకు మిక్కిలి పనికివచ్చినది సుశ్రుతుని మూఢగర్భచికిత్స. అడ్డము తిరిగిన శిశువును వెలికిదీయు క్రమమును ఆ వైద్యుడు ఒక్కొక్క స్థితిగా చెప్పెను. బ్రదికియున్న శిశువును శస్త్రముతో జీల్చరాదు, చీల్చినచో తల్లియు బిడ్డయు నిద్దరును పోవుదురనెను. కాని మృతగర్భమును ముహూర్తమాత్రమైన నుపేక్షింపరాదు, అది తల్లిని శీఘ్రముగా జంపుననెను. ఇది ధర్మశాస్త్రపు గొంతు గాదు. ఇక్కడ పరలోకము లేదు, త్యాగము లేదు. ముందొక స్త్రీ పడియున్నది, ఆమె బ్రదుకవలెను. స్మృతులన్నిటిలో నేను వెదకి కానని స్త్రీ నాకిచ్చట గనబడినది. వారు పాపము చేసిన స్త్రీని జూచిరి. ఆపదలో నున్న స్త్రీని వైద్యుడు చూచెను.

ఇంతవరకు పుస్తకములు. ఈ దేశములో నిజముగా గర్భములు పోగొట్టుకొన్న దెవరు?

పందొమ్మిదవ శతాబ్దిలో నీ ప్రశ్నకు ప్రత్యుత్తర మందరికిని తెలిసియు నెవరును పైకి జెప్పనిది: బాలవితంతువులు. ఏడెనిమిదేండ్లకు పెండ్లి చేసి, పదేండ్లకు బొట్టుదుడిచి, పదునారేండ్లకు వంటయింటిలో మూలకు ద్రోసిన పిల్లలు. వారి యజ్ఞాతమైన ప్రథమగర్భమునకు కారకుడు సాధారణముగా నా యింటిలోనివాడో, ఆ యింటికి వచ్చిపోవువాడో. నాటుమందులు తెచ్చి యిచ్చునది ఇంటి పెద్దయే. మందు పనిచేయనిచో తీర్థయాత్రకని దీసికొనిపోయి విడిచివచ్చుటయు గలదు. మా నాయనమ్మ చెల్లెలొకతె యట్లు కాశికి వెళ్ళినది. ఆమె పేరు మా యింట నెవరును పలుకరు, నేనును వ్రాయను. మా నాయనమ్మ మాత్రము ప్రతి సంవత్సరమును ఒక దినమున కారణము చెప్పక యన్నము మానెడిది.

1855లో ఈశ్వరచంద్ర విద్యాసాగరుడు వితంతువివాహము శాస్త్రసమ్మతమని రెండు గ్రంథములు వ్రాసి, నిషేధముచే గలుగు ననర్థములలో భ్రూణహత్యను ముఖ్యముగా జెప్పెను. ఆతడు పట్టుకొన్న యాధారము పరాశరస్మృతి. నష్టుడు, మృతుడు, సన్న్యాసి, క్లీబుడు, పతితుడు అను నైదుగురి భార్యలకు వేరుపతి విధింపబడెనను శ్లోకము అందు నాలుగవ యధ్యాయములో నున్నది. గర్భపాతనమునకు ప్రాయశ్చిత్తమే లేదన్న శ్లోకమును ఆ యధ్యాయములోనిదే! పది శ్లోకముల యెడము. ఒక చేతితో తలుపు మూసిన ఋషి రెండవచేతితో వేరొక తలుపు తెరిచెను. గర్భమును జంపరాదు, కావున వితంతువు పెండ్లాడవచ్చును. రెంటినిగలిపి చదివిననే పరాశరు డర్థమగునని నా నమ్మకము.

కాని మన పండితులు చేసిన దేమి? పదునాలుగవ శతాబ్దిలో విజయనగరమున మాధవాచార్యులు పరాశరస్మృతికి గొప్ప వ్యాఖ్య వ్రాసి, పునర్వివాహశ్లోకము వేరొక యుగమునకు జెందినదనిరి. పరాశరస్మృతియే కలియుగమున కుద్దేశింపబడినది గదా యని విద్యాసాగరు డెదురు ప్రశ్న వేసెను. నేను వేయు ప్రశ్న యింకొకటి. ఆ శ్లోకము వేరు యుగముది యన్నవారిలో నొక్కరైనను, పది శ్లోకముల ముందున్న త్యాగవిధియు వేరు యుగముదే యనిరా? కరుణ కృతయుగమునకు బోయినది, కాఠిన్యము కలియుగములో మిగిలినది.

1856లో పదునైదవ చట్టముగా వితంతువివాహచట్టము వచ్చినది. చట్టము వచ్చినంతమాత్రమున పెండ్లి జరుగలేదు. 1863లో పుణ్యపట్టణమున జ్యోతిరావు ఫూలే, సావిత్రీబాయి దంపతులు తమ యింటనే బాలహత్యాప్రతిబంధకగృహమును దెరచిరి. వితంతువులు రహస్యముగా వచ్చి ప్రసవించి, కావలసినచో బిడ్డ నచ్చటనే విడిచి పోవచ్చును. అక్కడ నొక బ్రాహ్మణవితంతువునకు పుట్టిన బిడ్డను వారు 1874లో దత్తు చేసికొని యశ్వంతుడని పేరిడి వైద్యుని జేసిరి. మాలికులమున బుట్టినవా రొక బ్రాహ్మణగర్భమును గాపాడిరి. కుల్లూకభట్టు వ్యాఖ్య వారికి తెలిసియుండిన నవ్వియుందురు.

మన తెలుగుదేశములో నీ భార మెత్తుకొన్నది రాజమహేంద్రవరమున కందుకూరి వీరేశలింగము పంతులు. 1874లో వివేకవర్ధని నెలకొల్పి, 1879లో వితంతువివాహమును గూర్చి బహిరంగముగా నుపన్యసించి, 1881 డిసెంబరు 11వ తేదీని గోగులపాటి శ్రీరాములు, గౌరమ్మ యను వారికి తొలి వితంతువివాహము జరిపించెను. పైడా రామకృష్ణయ్యగారు ధనమిచ్చిరి. వంటవారు రామనగా, నీళ్ళు మోయువారు మానగా, పంతులుగారి భార్య రాజ్యలక్ష్మమ్మగారే బిందె నెత్తుకొని గోదావరికి బోయి నీరు తెచ్చిరి. వీరేశలింగముగారు శాస్త్రవాదమును జేసిరి, జేయక తప్పలేదు. కాని యాయన వ్రాతలలో బలము శ్లోకములది గాదు. ఊరూర, ఇంటింట జరుగుచు నెల్లవారును మూతి మూసికొని యోర్చుచున్న గర్భస్రావములను, శిశుహత్యలను ఆయన పేరు పెట్టి పిలిచెను. పునర్వివాహము పాపమనువారు ఈ పాపము నెట్లు సహించుచున్నారని యడిగెను. ఆ ప్రశ్నకు సంప్రదాయజ్ఞులయొద్ద బహిష్కారము తప్ప సమాధానము లేకపోయెను.

ఆ 1881వ సంవత్సరముననే సూరతులో విజయలక్ష్మి యను బ్రాహ్మణవితంతువు, పుట్టిన బిడ్డను జంపెనని విచారింపబడి మరణశిక్ష పొందినది. అప్పీలులో నది ద్వీపాంతరవాసముగా మారినది. పత్రికలు ఆడుదాని దుర్నీతిని గూర్చి వ్రాయసాగినవి. మరుసటియేట తారాబాయి శిందే యను మహారాష్ట్రవనిత స్త్రీపురుషతులన మను పుస్తకము వ్రాసి, ఆ బిడ్డకు తండ్రి లేడా యను ప్రశ్నను మగవారి ముందుంచినది. ఆ ప్రశ్న స్మృతులకును తగులును. పతితురాలగు స్త్రీని గూర్చి యిన్ని వచనములున్నవే, ఆమెను గర్భవతిని జేసి, మందు దెచ్చి యిచ్చిన పురుషుని గూర్చి పరాశరు డచ్చట నేల మౌనము వహించెను?

ఆంగ్లప్రభుత్వపు శిక్షాస్మృతి 1860లో చట్టమై, 1862నుండి నడచినది. అందు 312వ విధి గర్భపాతము చేసినవానికి మూడేండ్లు, బిడ్డ కదలిన పిదప నైనచో ఏడేండ్లు కారాగారము చెప్పి, తానై గర్భము పోగొట్టుకొన్న స్త్రీని కూడ శిక్షార్హురాలిని జేసినది. స్త్రీ ప్రాణము గాపాడుటకు సద్బుద్ధితో జేసినదానిని మాత్రము మినహాయించినది. కట్టుబాటు త్యాగము విధించినచోట దొరతనము జైలు విధించినది. భయము రెట్టింపైనది, మంత్రసాని చీకటి గదియే మిగిలినది. ఎంద రా గదులలో ప్రాణములు విడిచిరో లెక్క వ్రాసినవారు లేరు.

స్వతంత్రభారతములో 1964లో శాంతిలాల్ షా గారి యాధిపత్యమున నొక సంఘ మేర్పడి, 1966లో నివేదిక యిచ్చినది. దాని ఫలముగా 1971లో వైద్యముచే గర్భవిచ్ఛిత్తి చేయు చట్టము వచ్చినది. పండ్రెండు వారములవరకు ఒక వైద్యుని, ఇరువది వారములవరకు ఇద్దరు వైద్యుల యభిప్రాయము చాలును. స్త్రీ ప్రాణము కాపాడుటకు వెంటనే చేయవలసివచ్చినపు డా గడువులు లేవు. వయస్సు వచ్చిన స్త్రీ సమ్మతియే కావలెను, భర్త సమ్మతి యక్కరలేదు. 2021లో దీనిని సవరించి, ఇరువది వారములవరకు ఒకే వైద్యుడు చాలుననియు, కొన్ని తరగతుల స్త్రీలకు ఇరువదినాలుగు వారములవరకు ఇద్దరి యభిప్రాయముతో చేయవచ్చుననియు ననిరి. ఆ తరగతులలో గర్భము ధరించియుండగా వైధవ్యము పొందిన స్త్రీ యొకతె. నే నా నియమమును జదివినపుడు కొంతసేపు పుస్తకము మూసి కూర్చుంటిని. మా నాయనమ్మ చెల్లెలి పేరు లేదు గాని, ఆమె స్థితి చట్టములో నక్షరరూపమున నున్నది. 2022 సెప్టెంబరు 29న సర్వోన్నతన్యాయస్థానము పెండ్లికాని స్త్రీకిని ఆ గడువు వర్తించునని తీర్పు చెప్పినది.

ఇంకొక చట్టము మాట చెప్పక విడువరాదు. కడుపులోని బిడ్డ ఆడో మగో తెలిసికొనుటను నిషేధించు చట్టము 1994లో వచ్చినది. స్కానింగు యంత్రము వచ్చిన పిదప మన చదువుకొన్న సంసారులే, భ్రూణహత్య యనగా చెవులు మూసికొను కుటుంబములవారే, ఆడుపిండము లని తెలిసి పోగొట్టిరి. ఉమ్మడి ఆంధ్రప్రదేశములో ఆరేండ్లలోపు మగపిల్లలు వేయిమందికి ఆడుపిల్లలు 2001 జనాభాలెక్కలలో 961 మంది యుండగా 2011లో 939కి దిగిరి. మనువు అవిజ్ఞాతగర్భము నన్నిటికంటె మిన్నగా రక్షించెను. అది తెలియబడినదైనచో నా రక్షణ సడలుట వ్యాఖ్యాతల లెక్క. మన కాలపు చట్టము తెలిసికొనుటనే నేరము చేసినది. అనగా ప్రతి గర్భమును అవిజ్ఞాతముగానే యుంచవలెను. కుల్లూకభట్టు పక్షపాతముతో వ్రాసిన పదము, ఆ పక్షపాతమునకే మందైనది. స్త్రీ తన ప్రాణమునకై చేయునదియు, ఇల్లు ఆడుపిల్ల వద్దని చేయించునదియు ఒకే శస్త్రముతో జరుగవచ్చును. గాంధారిని అశ్వత్థామను వ్యాసుడు కలుపనట్లే, ఈ రెంటిని నేను కలుపజాలను.

రెండు దినములు గడచిన పిదప నేనే వారి యింటికి వెళ్ళితిని. ముదుసలి మంచముపై లేచి కూర్చున్నది. శ్లోకములు చదువలేదు. గాంధారి కథ చెప్పితిని. ఆమెకు తెలియని కథ గాదు. కాని యా ఘట్టము నెవరు నాపి చెప్పలేదట. “వ్యాసుడు తిట్టలేదా?” అని రెండుసార్లు అడిగినది. తిట్టలేదంటిని. పిదప వైద్యగ్రంథములో తల్లిని గాపాడుమని యున్నదనియు, శాస్త్రములో ప్రాణాపాయమున నున్న గర్భిణిని జావనిమ్మని యెక్కడను లేదనియు, ఉన్నచో నేను చూడలేదనియు చెప్పితిని. పాపము చెప్పిన వచనములు కూడ నున్నవని దాచలేదు. ఆమె చాలసేపు మాటాడలేదు. లోపలిగదిలో కోడలు పడుకొనియున్నది. ఆ యింట నన్నడిగినవారు మామగారు, సందేహించినవారు అత్తగారి యత్తగారు. ఆ పిల్ల యేమనుకొనుచున్నదో యడుగుమని నేను చెప్పితిని. భర్త లోపలికి బోయి వచ్చి, “భయంగా ఉంది, బతకాలని ఉంది అంటోంది” అని చెప్పెను.

మరునాడు ఆమెను నెల్లూరికి దీసికొనిపోయిరి. వారము దినములకు తిరిగి వచ్చినది. ఆ సాయంకాలము ముదుసలి నన్ను బిలిపించి, మెల్లగా నడిగినది: “ఎన్నాళ్ళు మైల, అయ్యవారూ?”

నాలుగవ నెల స్రావమే గాని పాతము గాదని పరాశరుడు. నెలకొక రాత్రి యని మనువు. తానై జారినదానికి చెప్పిన విధిని దీనికి వర్తింపజేసితినని పండితులు న న్నాక్షేపింపవచ్చును, ఆక్షేపింతురు గాక.

“నాలుగు రాత్రులమ్మా. అవీ ఆస్పత్రిలోనే గడిచిపోయాయి” అంటిని.

“అంతేనా?”

“అంతే.”

ఆమె తలవూపి, లోపలివైపు దిరిగి, కోడలికి వేన్నీళ్ళు కాచమని కేకవేసినది.